గోస్తని వెంట నడుస్తానన్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జమ్మకి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నువ్వు స్నేహితురాళ్లిద్దరితో కలిసి అనంతగిరి నుంచి భీమిలి దాకా గోస్తని గట్టు పట్టుకుని నడుస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పింది అనడం కంటే ఏడ్చింది అనాలి. నాకు మొదట నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఆ ఏటి నీళ్లు తాగనివాళ్లు లేరు, కొండ నుంచి కడలి దాకా దాన్ని చూసినవాళ్లూ లేరు. ఆ ఏటి మీద కట్టిన తాటిపూడి డ్యాం కాలవల మీద ఉద్యోగం వెలగబెట్టిన నేను కూడా ముక్కలు ముక్కలుగా చూసినవాణ్ణే. 120 కిలోమీటర్ల ఏరు, పెద్దదేం కాదు. అయినా మనవాళ్లెవరికీ పుట్టని బుద్ధి నీకు పుట్టింది. గర్వంగానే ఉంది. ఈ మాట మీ అమ్మకి చెప్పకు.

నువ్వు పంపిన ప్లాను చదివాను. బూట్లు, టార్చి, దోమతెర, జ్వరం మాత్రలు నీకు తెలిసినవే. కొండమీద ఫోన్లు పలకవు, ఏ రాత్రి ఎక్కడుంటారో కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లు.

అందులో నాకు గుచ్చుకున్నవి రెండు. అక్టోబరులో బయల్దేరడం ఒకటి. నైరుతి వానలు వెనక్కి పోయాయని మీరు ధీమాగా ఉంటారు, మన తీరానికి తుపాన్లు వచ్చేదే అప్పుడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు, తలుపు గడియ పట్టుకుని వదల్లేదు, మర్చిపోయావా? సంక్రాంతి వెళ్లాక బయల్దేరండి. చలి ఉంటుంది, ఉండనీ. చలికి దుప్పటి ఉంది.

రెండోది, "తాటిపూడిలో డ్యాం ఉంది కాబట్టి దిగువన భయం లేదు, ఇసుక తిన్నెల మీదే గుడారం వేసుకుంటాం" అని రాశావే, ఆ ముక్క. అది చదివి ఒళ్లు మండింది. ఎందుకో చెప్తాను, విసుక్కోకుండా చదువు.

తాటిపూడి డ్యాం పని 1963లో మొదలై 1968లో పూర్తయింది. మీ అమ్మ అప్పటికి చంటిపిల్ల. అంతకుముందు జామి దగ్గర మన పొలానికీ ఏటికీ మధ్య బోలెడంత ఎడం ఉండేది. గట్టు మీద తాటిచెట్లు, వాటి కింద మొగలి పొదలు, ఇంకా దిగితే మనిషెత్తు రెల్లు. ఆ నేలని ఎవరూ దున్నేవారు కాదు. దున్నొద్దని ఎవరూ చెప్పనూ లేదు. అది ఏటిది, అంతే. డ్యాం లేచాక మీ తాతకి ధైర్యం లేచింది. "ఇంక ఏటి తాళం సర్కారు చేతిలో ఉంది" అనేవారు. రెల్లు కాల్పించారు, మొగలి నరికించారు, తాటిచెట్లు కలపకి అమ్మేశారు. ఇసుకలోకి ఒండ్రు తోలించి చెరకు వేశారు. ఒడ్డునే సిమెంటు దిమ్మ పోసి ఆయిల్ ఇంజిను బిగించారు. ఆ చెరకు చూసి ఊరు నోరెళ్లబెట్టింది. పక్క రైతులూ పొదలు కొట్టుకుంటూ కిందకి దిగారు. "పాములకి తప్ప మొగలి ఎవడికి కావాలి" అని నవ్వుకునేవారు.

తర్వాత ఒక ఏడు తుపాను వాన రాత్రీ పగలూ తెరిపి లేకుండా కురిసింది. తెల్లారి వెళ్లి చూస్తే మా పొలం అంచు జున్నుముక్క కోసినట్టు నిలువునా తెగి ఉంది. పైన జానెడు నల్లమట్టి, దానికింద ఇసుక, ఆ కింద గులకరాళ్లు, మళ్లీ ఇసుక. అంటే అక్కడ ఏరు అంతకుముందూ నడిచిందన్నమాట. చెరకు లేదు. ఇంజిను లేదు. దిమ్మ మాత్రం బురదలో ఒరిగి, దాని బోల్టులు వంకర తిరిగి ఉన్నాయి. మీ తాత వాటిలో ఒక బోల్టుని చేత్తో పట్టుకుని తిప్పుతూ కూర్చున్నారు, ఎందుకో ఆయనకే తెలియాలి.

ఊరంతా డ్యాం వాళ్లని తిట్టింది, గేట్లెత్తి మనల్ని ముంచేశారని. మీ తాత సైకిలేసుకుని తాటిపూడి వెళ్లి అడిగి వచ్చారు. ఆ రాత్రి గేటు ఒక్కటీ ఎత్తలేదు. రిజర్వాయరు నిండడానికి ఇంకా చోటుంది. సముద్రమట్టానికి 297 అడుగుల ఎత్తు దాకా నీరు చేరితే కదా గేట్ల మాట! మన పొలాన్ని తిన్నదంతా డ్యాం కిందున్న గెడ్డల నీరు, అంటే చిన్న వాగులది. ఎండల్లో చెప్పులు తడవకుండా దాటేస్తామే, ఊరు మారితే పేరు కూడా మారిపోతుందే, ఆ గెడ్డలు. వాటికి తలుపూ లేదు, తాళమూ లేదు. డ్యాం తన పైనుంచి వచ్చేదాన్ని ఆపుతుంది, పక్కనుంచి వచ్చేదాన్ని ఏ డ్యాం ఆపుతుంది?

ఆ నేలకి మీ తాత ఏళ్ల తరబడి శిస్తు కట్టారు. "నీళ్లకి శిస్తేంటండీ" అని మా అమ్మ అంటే, "ఏరు మళ్లీ ఇస్తుందే" అనేవారు. ఇవ్వలేదు.

అందుకని, గుడారం గట్టు దాటి పైన వెయ్యాలి. ఏ ఊరు వెళ్లినా ముందు అడగాల్సింది, పెద్ద వరదకి నీళ్లు ఎందాకా వచ్చాయని. గుడి మెట్టో, మర్రి మొదలో చూపిస్తారు. అడగడానికి మనిషి లేకపోతే పొదల్లో చూడు, కొమ్మలకి ఎండుగడ్డి, చెత్త ఏ ఎత్తున చిక్కుకుని ఉంటే వరద అంతెత్తు వచ్చినట్టు. దాటుతుండగా నీటి రంగు మారినా, పుల్లలూ ఆకులూ గుంపుగా తేలి వస్తున్నా, ఫొటోలు తర్వాత, ముందు ఒడ్డెక్కు. నీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే.

కొండమీద నీకు నేను చెప్పగలిగింది తక్కువ. బొర్రా గుహల్లోకి నువ్వు చిన్నప్పుడే వెళ్లావు. ఈసారి దీపాల రంగులు చూడ్డం మాని, అడుగున పారే నీటిని చూడు. ఆ సున్నపురాయిని కరిగించి గుహ తొలిచింది నీళ్లే. పైన ఇనపరాయి మోసుకుంటూ కిరండూల్ రైళ్లు పోతుంటాయి. కటికి జలపాతం దాటాక గట్టు పట్టుకుని నడుస్తానంటే కుదరదు, గట్టు అనేదే లేని చోట్లుంటాయి. ఏరు లోయ అడుగున, ఊళ్లు పైన. అక్కడివాళ్లు తాగేది చాలాచోట్ల ఊటనీరే, కాబట్టి ఊట ఎక్కడుందని అడిగితే దారి కూడా దొరుకుతుంది. జనవరి కాబట్టి కాఫీ పళ్లు ఏరుతూ ఉంటారు, పని చెడగొట్టకుండా మాట్లాడు. ఊరిపెద్దకి చెప్పందే రాళ్లు పట్టుకుని చూడ్డం, కొలతలు తియ్యడం పెట్టుకోకు. గనులవాళ్లు కూడా అలాగే కొలతలతో మొదలెట్టారు. ఆ బొర్రా చుట్టుపక్కల లీజుల మీద జరిగిన పోరాటమే 1997లో సమత అనే సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకి గనులకివ్వకూడదని తేల్చింది. నువ్వు చదివే చదువుకి ఇది తెలియకుండా అక్కడ అడుగు పెట్టకూడదు.

తాటిపూడి దిగాక ఏట్లో మోకాలి లోతు కూడా లేదని బెంగపెట్టుకోకు. నీళ్లు కాలవలో ఉన్నాయి, విశాఖ వెళ్లే గొట్టాల్లో ఉన్నాయి. 15 వేల ఎకరాల పైచిలుకు ఆయకట్టు దాని కింద. ఒక పూట ఏరు వదిలేసి కాలవ గట్టున నడువు. నీళ్లు వదిలే మదుముల దగ్గర వంతుల కోసం ఎలా తగువులాడుకుంటారో, శివారు రైతు మొహం ఎలా ఉంటుందో చూస్తే ఏరు ఎక్కడికి పోయిందో అర్థమవుతుంది. కాలవ చూసుకునే లస్కరు కనిపిస్తే నా పేరు చెప్పు, టీ ఇప్పిస్తాడు. ఇప్పించకపోతే కొత్తవాడన్నమాట.

జామి దాటాక నా భయం గోతులు. ఇసుక తవ్వేసిన చోట నీళ్లు నిలబడితే పైకి అరికాలి లోతులా కనిపిస్తుంది, అడుగేస్తే తల మునుగుతుంది. చేతికర్రతో పొడిచి చూడకుండా ఒక్క అడుగు కూడా వెయ్యకు. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు, దూరం దూరంగా. ఈత వచ్చు కదా అనకు. ఈత వచ్చినవాళ్లే పోయారు. ఆ ఇసుకే నీటిని దాచేది, అందులో దింపిన ఊటబావుల నుంచే పట్నానికీ కొంత నీరు వెళ్తుంది. ఇసుక పోతే బావి కూడా పోతుందని మా రోజుల్లో కూలివాడికి కూడా తెలుసు. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలీదు.

పద్మనాభంలో ఒక రోజు ఆగండి. 1794లో విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి పడిపోయింది అక్కడే. మీ అత్తకి కొండమీద అనంతపద్మనాభుడి మొక్కు ఉంది, నువ్వెలాగూ మెట్లెక్కుతావు కాబట్టి ఆ కొబ్బరికాయేదో నువ్వే కొట్టెయ్. భీమిలి దగ్గర ఏటి మొగలో దిగకండి. ఇసుక మేట వేసి శాంతంగా కనిపిస్తుంది, పోటు పాట్లు జాలర్లకే తెలుసు, వాళ్లనడుగు. ఎర్రమట్టి దిబ్బల మట్టి సీసాలో పోసుకు రాకు.

తేదీ మార్చి నాకు కబురు చెయ్యి. అప్పుడే మీ అమ్మతో మాట్లాడతాను, ముందు మాట్లాడను. సంక్రాంతికి ఎలాగూ వస్తావు, ఇక్కడి నుంచే శృంగవరపుకోట మీదుగా బస్సెక్కిస్తాను. అత్త జంతికలు కట్టిస్తానంటోంది, బరువని వంకలు పెట్టకు.

ఇట్లు,
మీ మావయ్య