కడిగేకొద్దీ వాసన ఎక్కువవుతోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 29. ఆరు నెలలుగా తెల్లబట్ట పల్చగా, నీచు వాసనతో అవుతోంది. మా ఆయనతో కలిశాక, నెలసరి అయ్యాక మరీ ఎక్కువ. దురద లేదు. డాక్టరు రాసిన మాత్రలు వారం వాడితే తగ్గింది, రెండు నెలలకు మళ్లీ మొదలైంది. ఈసారి మందుల షాపులో ఒక మాత్ర అడిగి వేసుకున్నా, ఫలితం లేదు. రోజూ రెండుసార్లు ఇంటిమేట్ వాష్‌తో లోపలి వరకూ కడుక్కుంటున్నా. వేడి చేసిందని మా అత్తయ్య అంటున్నారు.

జవాబు: ముందు ఆ వాష్ పక్కన పెట్టేయండి. మీ సమస్య శుభ్రత లేక వచ్చింది కాదు, వేడి వల్ల కూడా కాదు.

యోనిలో లాక్టోబాసిలస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టమే. అది లాక్టిక్ ఆమ్లం తయారుచేసి అక్కడి పీహెచ్‌ను (పులుపు ఎంతుందో చెప్పే కొలత) 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది. ఆ పులుపులో చెడ్డ క్రిములు అంతగా పెరగలేవు. మీరు కడిగేస్తున్నది ఈ కాపలానే. అది తగ్గితే గార్డ్‌నరెల్లా వంటి చెడ్డ క్రిములు పెరుగుతాయి. దీన్నే బ్యాక్టీరియల్ వజైనోసిస్ అంటారు. వీర్యానికీ, నెలసరి రక్తానికీ ఆ పులుపు ఉండదు. అవి కలిసినప్పుడు నీచు వాసన బాగా బయటికొస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు దీనికే సరిపోతున్నాయి.

షాపులో ఒక్క మాత్రే ఇచ్చారంటే బహుశా ఫంగస్‌కి వాడే ఫ్లూకోనజోల్ అయివుంటుంది. ఫంగస్ అయితే దురద, పెరుగు ముక్కల్లాంటి తెల్లబట్ట ఉంటాయి. మీకవి లేవుగా! గైనకాలజిస్టును కలిసి స్రావం పరీక్ష, పీహెచ్ చూపించుకోండి. నిర్ధారణ అయితే మెట్రోనిడజోల్ లాంటి మందు పూర్తి కోర్సు వాడాలి.

తిరగబెట్టడం ఈ జబ్బులో మామూలే, టెన్షన్ పడకండి. మీవారినీ వెంట తీసుకెళ్లండి. 2025లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, భార్యకు మాత్రమే మందు ఇచ్చిన జంటల్లో 12 వారాల్లోపు 63 శాతం మందికి తిరగబెట్టింది. భర్తకూ మాత్రలు, క్రీమ్ ఇస్తే అది 35 శాతమే. చాలామంది మగవాళ్లు ‘నాకేం లేదు కదా’ అంటారు. లక్షణాలు లేకపోయినా ఆ క్రిములు ఉండొచ్చు.

పెరుగు తినండి, మంచిదే. లోపల రాసుకోమనే వీడియోలను మాత్రం నమ్మకండి. పెరుగులో ఉండే రకాలు వేరు, అక్కడ ఉండాల్సినవి వేరు. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు.

గర్భం కోసం ప్రయత్నిస్తుంటే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. గర్భిణుల్లో ఈ సమస్యకూ, నెలలు నిండకుండా కాన్పు కావడానికీ సంబంధం ఉంది. జ్వరం, పొత్తికడుపు నొప్పి కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెళ్లండి.