గాలి దిండ్ల పైకప్పు వేయబోతున్న మా అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

కొత్త బస్ టెర్మినల్ పైకప్పు పని నీకు అప్పగించారని, దానికి గాజు బదులు ఈటీఎఫ్ఈ అనే పలుచని పారదర్శక ప్లాస్టిక్ ఫిల్ముతో చేసి గాలి నింపిన దిండ్లు పరచాలని నువ్వు నిర్ణయించావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. నా బల్ల పక్కన నిలబడి స్కేలు పట్టడం నేర్చుకున్న పిల్లవు. సంతోషంతో కళ్లు చెమర్చిన మాట నిజం, ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టని మాటా నిజం.

నీ ఎంపికలో తప్పు లేదు. 200 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు మందమున్న ఫిల్ము చదరపు మీటరుకు సుమారు 350 గ్రాములు తూగితే, 12 మిల్లీమీటర్ల గాజు 30 కిలోలు తూగుతుంది. 2001లో ఇంగ్లండులో తెరిచిన ఈడెన్ ప్రాజెక్టు అనే ఉద్యానవనం గోపురాలకూ, 2008 ఒలింపిక్స్ కోసం బీజింగ్‌లో కట్టిన ఈతకొలనుల భవనానికీ దీన్నే వాడారు. మన ఎండకు పై పొర మీద వెండి చుక్కలు ముద్రించిన ఫిల్ము తీసుకో. వాన పడితే డప్పులా మోగుతుంది కనుక బస్సుల ప్రకటనలు వినబడే ఏర్పాటు ముందే చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా నీటి గురించి. 1997లో సికింద్రాబాద్‌లో ఒక పాఠశాల ఆవరణకు పీవీసీ పూత గుడ్డతో పెద్ద పందిరి వేయించాను. స్తంభాల ఎత్తు తగ్గితే ఖర్చు తగ్గుతుందని యాజమాన్యం అడిగింది, సరేనని వాలు తగ్గించినది నేనే. గుడ్డ తేలిక, దానికేం బరువుందని అనుకున్నాను. మే నెలలో ఒక రాత్రి ఈదురుగాలితో వాన వచ్చింది. వేపాకులు రాలి నీరు పోయే మూల మూసుకుపోయింది. నీరు నిలిచిన చోట గుడ్డ సాగింది, సాగిన చోటికి ఇంకా నీరు చేరింది, ఆ బరువుకు తెల్లవారుజామున రెండు స్తంభాలు ఒరిగి పందిరంతా కూలింది. నేను వెళ్లేసరికి దాని కింద కాపలాదారు ఇనుప మంచం రెండుగా వంగి ఉంది, నవారు తెగి బురదలో పడి ఉంది. అతను అప్పుడే టీ తాగడానికి మూల మీది ఇరానీ హోటలుకు వెళ్లాడు కనుక బతికాడు. నాతో ఒక్క మాటా అనకుండా, ఆ మంచం మళ్లీ సాపు చేయవచ్చా అని మాత్రం అడిగాడు. నేను కొత్త మంచం కొనిచ్చాను గాని, ఆ వంగిన ఇనుము నేటికీ నా కళ్ల ముందునుంచి పోలేదు.

నీ దిండ్లలో గాలి ఒత్తిడి 250 పాస్కల్స్ అనుకుంటే, అది రెండున్నర సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి మాత్రమే సరిపోతుంది. నీరు అంతకు మించి నిలిస్తే దిండు అణగి గిన్నెలా మారుతుంది. మన ఊళ్లో గాలి లేచిన మరుక్షణం కరెంటు పోతుంది, అంటే దిండ్లలోకి గాలి కొట్టే బ్లోయర్లు ఆగే వేళా వాన కురిసే వేళా ఒకటే. అందుకని రెండో బ్లోయరు, జనరేటరు, గాలి వెనక్కి పోనివ్వని వాల్వులు పెట్టించు. అవన్నీ ఉన్నా సరే, అన్నీ ఆగిపోయి దిండు పూర్తిగా దిగజారినప్పుడు నీరు ఏ దారిన పోతుందో, ఆ బరువు ఏ ఉక్కు మీద పడుతుందో విడిగా లెక్క కట్టు. ఖర్చు పేరు చెప్పి వాలు తగ్గించమంటే, ఎంత పెద్దవారు అడిగినా ఒప్పుకోకు.

సంక్రాంతికి తెగిన గాలిపటాల మాంజాలో గాజుపొడి ఉంటుంది, అది ఫిల్మును కోస్తుంది. చిన్న చిరుగులకు అదే రకం ఫిల్ము టేపు అతికించవచ్చు గాని, పండుగ మర్నాడు ప్రతి దిండునూ చూసి రమ్మని ఒక మనిషికి చెప్పి ఉంచు. పావురాలు వాలకుండా అంచుల వెంట సన్నని తీగలు కట్టించు. ఆ పైకప్పు మీదికి నువ్వు స్వయంగా ఎక్కకుండా ఉండలేవని నాకు తెలుసు. నడుముకు తాడు కట్టుకోకుండా ఎక్కావని వింటే మాత్రం నేను ఊరుకోను, మీ పెద్దమ్మ అసలు ఊరుకోదు.

నీరు పోయే కాలువల నక్షా ఖరారు చేసేముందు ఒక ప్రతి నాకు పంపించు. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి చిన్న అంకెలు ఆనడం లేదు, పెద్ద కాగితం మీద ముద్రించి పంపు.

మీ పెదనాన్న