మీరడిగారు: ఉరి ఉంచాలా, ఎత్తేయాలా?

ప్రశ్న: ఘోరమైన కేసు బయటపడిన ప్రతిసారీ మా ఇంట్లో అందరం ఉరి తీయాల్సిందే అంటాం, మా ఆఫీసులో ఒకాయన మాత్రం ఆ శిక్షే ఎత్తేయాలంటాడు. మీరేమంటారు? (ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మీ ఏరియాలోనే మొదలుపెడదాం మేడమ్. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బస్టాప్ దగ్గర ఒకటి, మిర్చి సెంటర్ దగ్గర ఒకటి బాంబులు పేలి 18 మంది పోయారు కదా, టెర్రరిజం కేసులు చూసే ఎన్ఐఏ కోర్టు 2016 డిసెంబర్‌లో ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, హైకోర్టు దాన్ని ఖాయం చేసేసరికి 2025 ఏప్రిల్ వచ్చింది. ఆ పైన సుప్రీంకోర్టు, క్షమాభిక్ష అర్జీ. పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లి ఇన్నేళ్లూ టీవీలో స్క్రోలింగ్ చూస్తూ కూర్చోవాలన్నమాట.

సరే ఆలస్యం చెయ్యకుండా తీసేయండి అంటారు. నాకు భయం అక్కడే. చిలకలూరిపేట బస్సు దహనం గుర్తుందా, 1993లో, 23 మంది కాలిపోయారు, ఇద్దరు కుర్రాళ్లకి పడిన ఉరిని 1996లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది, రాష్ట్రపతి భవన్ అర్జీ తోసేసింది. తర్వాత కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతిగా ఉన్నప్పుడు 1998లో అదే శిక్ష యావజ్జీవం అయింది. నేరం మారలేదు, సాక్ష్యం మారలేదు, సంతకం పెట్టే మనిషి మారాడు అంతే. మధ్యలో ఎవరైనా తొందరపడి ఉంటే?

నక్సలైట్ ఉద్యమంలో ఉన్న కిష్టాగౌడ్, భూమయ్యలకి ఆ టైమ్ దొరకలేదు. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు, దాని జాగాలోనే గాంధీ హాస్పిటల్ కట్టారు. మొన్న మా బావగారిని చూపించడానికి వెళ్లి ఓపీ చీటీ లైన్లో నిలబడితే వెనకాల పెద్దాయన ఎవరో మనవడికి ఇదే చెప్తున్నాడు, ఆ పిల్లాడేమో ఫోన్లోంచి తల ఎత్తలేదు.

1980లో సుప్రీంకోర్టు అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి వెయ్యమంది, కానీ ఏది అరుదో తేల్చేది జడ్జీలేగా. 2019లో హనుమకొండ పసిపాప హత్య కేసులో కింది కోర్టు రెండు నెలల్లోపే ఉరి అంది, హైకోర్టు అదే ఏడాది చచ్చేదాకా జైలు అంది. నా ఓటు ఆ రెండోదానికే, తప్పు దొర్లిందని తేలితే కనీసం తలుపు తియ్యొచ్చు. మీ ఆఫీసాయనకి ఒక మాట చెప్పండి, చట్టాల మీద కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2015లో ఉరి ఎత్తేయమన్నప్పుడు కూడా టెర్రరిజం కేసుల్ని పక్కన పెట్టింది, అంటే దిల్‌సుఖ్‌నగర్ కేసు దోషులకి అందులోనూ మినహాయింపు లేదు.

ప్రశ్న: యావజ్జీవం అంటే 14 ఏళ్లకి బయటికొచ్చేస్తారుగా? అన్నాళ్లు జైల్లో కూర్చోబెట్టి మేపడం దండగ కాదా? (ఒక పాఠకుడు, మెహిదీపట్నం)

జవాబు: లేదండి. యావజ్జీవం అంటే ప్రాణం ఉన్నంతకాలం. హత్యలాంటి కేసుల్లో 14 ఏళ్లు నిండాకే ప్రభుత్వం విడుదల గురించి ఆలోచించొచ్చు, వదలాలని రూలేం లేదు, ఆ దారి కూడా మూసేస్తూ కోర్టు తీర్పు ఇవ్వొచ్చు. ఇక కూర్చోబెట్టి మేపడం దండగ అన్నారు, చంచల్‌గూడ జైలు దగ్గర బంకులో ఎప్పుడైనా పెట్రోల్ కొట్టించుకున్నారా? అది జైళ్ల శాఖ ఖైదీలతో నడిపే బంకే.