ఆపరేషనా, రేడియేషనా: మనిషిని ఎత్తి దించే పని ఉన్నప్పుడు
మంచం పట్టిన మీ ఆవిడని రోజూ మీరే లేపాలి, మరి మీకొచ్చిన ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌కి ఏ చికిత్స అని అడిగారు కదండీ. ముందు గ్లీసన్ స్కోరు చూడండి, అంటే ముక్క పరీక్షలో (బయాప్సీ) క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె. 6 అయితే తొందరేం లేదు, పీఎస్ఏ అనే రక్త పరీక్షలు చేయించుకుంటూ గమనించడం కూడా ఒక దారే. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనంలో, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్నవాళ్ళు గమనించడం, ఆపరేషన్, రేడియేషన్, ఏ దారిలో వెళ్ళినా, 15 ఏళ్ళకి దానివల్ల పోయినవాళ్ళు దాదాపు 3 శాతమే.

ఆపరేషన్ అయితే వారం పది రోజులు కాథెటర్ (మూత్రం పోయే గొట్టం), నెల నుంచి ఆరు వారాలు బరువులెత్తకూడదు, అంటే ఆవిడని లేపడానికి ఇంకో మనిషి ఉండి తీరాలి, మెల్లగా నేనే చూసుకుంటాలే అనుకోవద్దు, హెర్నియా రావచ్చు. రేడియేషన్‌లో ఆ బాధ లేదు కానీ మామూలుగా వారాల తరబడి తిరగాలి. అందుకే ఎక్కువ మోతాదుతో 5 విడతల్లో ముగిసే ఎస్‌బీఆర్‌టీ అనే రేడియేషన్ కుదురుతుందా అని డాక్టర్ని తప్పక అడగండి. దాంతోపాటు హార్మోన్ ఇంజెక్షన్లు కూడా అంటే ఎంతకాలమో కనుక్కోండి, వాటితో నీరసం వస్తుంది, కండబలం తగ్గుతుంది.