నీలం పిల్లికి ఒక పేజీ

చిరంజీవికి ఆశీస్సులు.

మీ వ్యాసం రెండుసార్లు చదివాను. వచనం శుభ్రంగా ఉంది. మెచ్చుకోలు ఇంతటితో సరి. జపాన్ కార్టూన్ చిత్రాల గురించి 'యానిమే ప్రపంచాన్ని జయించింది' అని ఎత్తుకుని, అభిమానులు తమలో తాము ఓట్లు వేసుకుని తయారుచేసుకున్న ర్యాంకులను అందుకు రుజువుగా చూపడం నాకు చిరాకు తెప్పించింది. పెళ్లి విందు ఎలా ఉందని వంటవాణ్ణే అడిగినట్టుంది ఆ పద్ధతి.

మీరు ఉదహరించిన 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' అనే యానిమే సినిమా సంగతే చూడండి. 2025 సెప్టెంబరులో అది అమెరికా, కెనడాల్లో తొలి వారాంతానికే దాదాపు 7 కోట్ల డాలర్లు వసూలు చేసిన మాట నిజమే, అది చిన్న విషయమూ కాదు. అయితే రెండో వారాంతానికి ఆ వసూళ్లు నాలుగో వంతుకు పడిపోయిన సంగతి మీ వ్యాసంలో లేదు. కాచుకుని కూర్చున్నవాళ్లు మొదటి మూడు రోజుల్లోనే చూసేశారు; వాళ్ల మాట విని పక్కింటివాళ్లు అదే జోరుతో కదిలి రాలేదు. బెనిఫిట్ షోల హడావుడి చూసిన తెలుగువాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పాలా?

ఇదే లెక్కలో నేనూ ఒకప్పుడు బోర్లాపడ్డాను. నా మొదటి సీరియల్ ఒక వారపత్రికలో వస్తున్నప్పుడు వారం వారం ముప్పై నలభై ఉత్తరాలు వచ్చేవి. వాటిని చూసి సంపాదకుడు 'రాష్ట్రాన్ని ఊపేస్తున్న సీరియల్' అని అట్టమీద వేయించాడు. ఆ ధైర్యంతో అప్పుచేసి వెయ్యి ప్రతులు అచ్చువేయిస్తే, ఎనిమిది వందలు మా మంచం కింద చెదలపాలయ్యాయి. తరువాత ఆ ఇన్‌లాండ్ లెటర్లను ముందేసుకుని చూద్దును కదా, అన్నింటిలోనూ అవే తొమ్మిది చేతిరాతలు! ఒకాయనైతే భార్య పేరుతోనూ బావమరిది పేరుతోనూ అదే ఆకుపచ్చ సిరాతో రాశాడు. 'ఊపేస్తున్న' అనే మాట వాడే సంపాదకులను నేను ఆనాటి నుంచీ నమ్మను. వారి వారసులే నేడు మీచేత 'జయించింది' అనిపిస్తున్నారని నా అనుమానం.

యానిమే అన్న మాటే ఎరగనివాళ్ల ఇంట్లోకి వెళ్లినదాన్నే నేను జనంలోకి వెళ్లిందంటాను. 1981లో జపాన్ వారపత్రికలో మొదలైన ఫుట్‌బాల్ కథ 'కెప్టెన్ త్సుబాసా' కార్టూన్‌గా మారి, స్పెయిన్ పిల్లలకు ఆలివర్‌గా, అరబ్బు పిల్లలకు మాజిద్‌గా దగ్గరైంది. తాను ఆట మొదలుపెట్టడానికి ఆ కార్టూనే కారణమని స్పెయిన్ ఆటగాడు ఫెర్నాండో టోరెస్ చెప్పుకున్నాడు. అతనికి అభిమాన సంఘంలో సభ్యత్వం అక్కరలేకపోయింది.

ఇంతకూ మీ వ్యాసంలో నన్ను కదిలించింది నాలుగో పేజీలోని అర వాక్యం: సాయంత్రం దీపం పెట్టగానే మీ నాయనమ్మ 'ఆ నీలం పిల్లి వచ్చిందా?' అని అడిగి, టీవీ ముందు చేరుతుందన్నది. ఆవిడకు ఆ పిల్లి, అదే డోరేమాన్, జపాన్‌దని తెలియదు. మీరేమో 'అది చిన్నపిల్లల కార్టూన్ కాబట్టి లెక్కలోకి రాదు' అని ఆ వాక్యాన్ని మధ్యలోనే తుంచేశారు! ర్యాంకుల పేజీలు మూడూ తీసేసి, ఆ స్థలం ఆవిడకు ఇవ్వండి. ఆవిడ ఆ పిల్లిని ఏ పేరు పెట్టి పిలుస్తుందో కూడా అడిగి రాయండి.