విడిపోతే కూటమిలో కుర్చీ ఎవరిది?

ప్రశ్న: మా కాలేజీ చర్చా పోటీకి ఇచ్చిన అంశం: ‘స్వతంత్రమైన ప్రాంతానికి పాత దేశం ఉన్న కూటముల్లో సభ్యత్వం దానంతటదే రావాలి’. నాకు అనుకూల పక్షం పడింది. స్కాట్లండ్ గురించి తప్ప ఏమీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి? – డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: ‘రావాలి’ అన్నది వేరు, ‘వస్తుంది’ అన్నది వేరు. ఈ రెంటినీ కలిపేస్తే మొదటి నిమిషంలోనే దొరికిపోతారు. ఇప్పటిదాకా ఉన్న ఆనవాయితీ మీకు వ్యతిరేకం. మిగిలిన దేశం కుర్చీలో కూర్చుంటుంది, విడిపోయినది కొత్తగా దరఖాస్తు పెట్టుకుంటుంది. ఇంట్లోంచి వేరుపడిన కొడుకు పాత రేషన్ కార్డులో పేరు తీయించుకుని కొత్త కార్డుకు తిరిగినట్టే.

ఈ ఆనవాయితీ మన ఉపఖండంలోనే గట్టిపడింది. ఐక్యరాజ్యసమితిలో మనం 1945 నుంచి వ్యవస్థాపక సభ్యులం. 1947 విభజనలో ఆ సభ్యత్వం భారత్‌కే ఉండిపోయింది. పాకిస్తాన్ కొత్త సభ్యదేశంగా 1947 సెప్టెంబరు 30న చేరింది. 1971లో పాకిస్తాన్ నుంచి విడిపోయిన బంగ్లాదేశ్‌కు మాత్రం 1972లో చైనా వీటో అడ్డుపడింది. 1974 ఫిబ్రవరిలో పాకిస్తాన్ ఆ దేశాన్ని గుర్తించింది, సెప్టెంబరు 17న సమితి తలుపు తెరుచుకుంది. దక్షిణ సూడాన్‌కు పట్టింది 5 రోజులే: 2011 జూలై 9న స్వాతంత్ర్యం, 14న సభ్యత్వం. అంత తేడా ఎందుకంటే పాత దేశమైన సూడాన్ ముందే ఒప్పుకుంది. 2008లో సెర్బియా నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొసావోను ఆ దేశం ఒప్పుకోలేదు, వీటో ఉన్న రష్యా సెర్బియా పక్షాన నిలిచింది. అందుకే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో చేరగలిగినా సమితిలోకి రాలేకపోయింది. పాత దేశం సంతకం ఎంత విలువైనదో ఈ మూడు కథలూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

సమితిలో చేరే దారి కూడా గుర్తుంచుకోండి. భద్రతా మండలిలో 15 మందిలో 9 ఓట్లు రావాలి, ఐదు శాశ్వత సభ్యదేశాల్లో ఒక్కటీ వీటో వేయకూడదు. ఆ తర్వాత సర్వసభ్య సభలో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి.

యూరోపియన్ యూనియన్‌లో గేటు ఇంకా ఇరుకు. ఒప్పందంలోని 49వ అధికరణం ప్రకారం సభ్యదేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి, యూరోపియన్ పార్లమెంటు ఆమోదించాలి, ఆపైన ప్రతి దేశమూ తన పద్ధతిలో ఖరారు చేయాలి. ఒక్క దేశం మొరాయించినా ఆగిపోతుంది. క్రొయేషియా 2003లో దరఖాస్తు పెట్టి 2013 జూలై 1న చేరింది. ఉత్తర మాసిడోనియాకు పేరు దగ్గర గ్రీసుతో తగాదా, అది తీరాక బల్గేరియాతో మరో తగాదా. విడిపోవాలనే ప్రాంతాలున్న స్పెయిన్ కొసావోను నేటికీ గుర్తించలేదు. కాబట్టి ‘అందరూ ఒప్పుకుంటారు’ అని తేలిగ్గా అనకండి.

ఇక మీ పక్షానికి పనికొచ్చేవి. తూర్పు జర్మనీ 1990 అక్టోబరు 3న పశ్చిమ జర్మనీలో కలిసి, దరఖాస్తు లేకుండానే అప్పటి యూరప్ కూటమిలోకి వచ్చేసింది. అంటే మనసుంటే దారి దొరికింది. ప్రత్యర్థి ‘అది విడిపోవడం కాదు, కలవడం’ అంటారు, నిజమే. అప్పుడు రెండో వాదన తీయండి. బ్రిటన్ చేరిన 1973 నుంచి ఆ కూటమి చట్టాలన్నీ అమలుచేస్తూ వచ్చిన స్కాట్లండ్ ప్రజలను కొత్తవాళ్లలా వరసలో నిలబెట్టడం న్యాయమా? 2014లో బ్రిటన్ నుంచి విడిపోవాలా అన్న ఓటుకు ముందు స్కాట్లండ్ ప్రభుత్వం ఈ వాదనతోనే 48వ అధికరణం కింద ఒప్పందాన్ని సవరించి చోటివ్వమంది. యూనియన్ పాలన చూసే యూరోపియన్ కమిషన్‌కు అప్పటి అధ్యక్షుడు బరోసో మాత్రం చేరడం అత్యంత కష్టం, అసలు అసాధ్యమే కావచ్చన్నారు. నాకైతే ఆ ప్రజల హక్కు వైపే మొగ్గు, మీరూ అక్కడే గట్టిగా నిలబడండి.

ఒక జాగ్రత్త. 2014 వాదనను నేటి స్కాట్లండ్‌కు అతికించకండి. 2020 జనవరి 31న బ్రిటనే యూనియన్ నుంచి బయటికొచ్చింది. 2016 ఓటింగులో స్కాట్లండ్‌లో 62 శాతం మంది ఉండిపోదామన్నారు, అయినా వెళ్లక తప్పలేదు. ఇప్పుడు ‘సభ్యత్వం నిలబెట్టుకోవడం’ లేదు, కొత్తగా చేరడమే.

ప్రశ్న: 2014లో తెలంగాణ వేరుపడ్డప్పుడు, 2022లో మా జిల్లా నుంచి పార్వతీపురం మన్యం ఏర్పడినప్పుడు ఎవరూ ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు. అక్కడ మాత్రం ఎందుకు? – ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు మాస్టారూ. మన రాష్ట్రాన్ని విభజించింది పార్లమెంటు, రాజ్యాంగంలోని 3వ అధికరణం కింద. విడదీసే చేయీ, యూనియన్‌లో చేర్చే చేయీ ఒకటే. జిల్లాల సంగతీ అంతే, పైన ఒకే ప్రభుత్వం ఉంది. దేశాల మధ్య అలా పైనుండి గీత గీసే చేయి లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టిన వాళ్లందరినీ అడగాల్సిందే.

ఆస్తి, అప్పుల పంపకం మాత్రం రెండు చోట్లా ఒకే తలనొప్పి. మనకు జనాభా ప్రకారం 58.32, 41.68 అని నిష్పత్తి చట్టం నుంచే వచ్చింది, అయినా ఆ విభజన చట్టంలోని 9, 10 షెడ్యూళ్లలో ఉన్న ప్రభుత్వ సంస్థల పంపకం ఏళ్ల తరబడి నానింది. స్కాట్లండ్ విషయంలో పంపకం ఎలాగున్నా తమ పాత అప్పు మొత్తానికి తామే పూచీ అని లండన్ ఖజానా 2014 జనవరిలో ప్రకటించింది. అప్పిచ్చినవాళ్లు బెదిరిపోయి వడ్డీ పెంచకుండా ముందరి కట్టడి అది.

ప్రశ్న: విడిపోవాలా అని ఓటు పెట్టే హక్కు ఎవరిది? – గ్రూప్స్ అభ్యర్థి, పలాస

జవాబు: దేశాన్ని బట్టి. స్కాట్లండ్‌లో 2014 సెప్టెంబరు 18 ఓటుకు లండన్ 2012 ఒప్పందంతో తాత్కాలిక అధికారం ఇచ్చింది. 16 ఏళ్లు నిండినవారికి ఓటుంది, 84.6 శాతం మంది వేశారు, 55.3 శాతం వద్దన్నారు. తమంతట తాము మళ్లీ పెట్టుకోలేరని బ్రిటన్ సుప్రీంకోర్టు 2022 నవంబరు 23న తేల్చింది. స్పెయిన్‌లోని కెటలోనియా ప్రాంతం 2017 అక్టోబరు 1న కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోకుండానే ఓటు పెట్టింది, నెల తిరక్కుండా రాజ్యాంగంలోని 155వ అధికరణంతో స్పెయిన్ అక్కడి ప్రభుత్వాన్ని తొలగించింది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 1995లో 50.58 శాతంతో వద్దన్న పక్షం గట్టెక్కింది, 1998లో కెనడా సుప్రీంకోర్టు ఒంటెత్తుగా విడిపోకూడదు గానీ స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే చర్చలకు కూర్చోవాల్సిందే అంది. పరీక్షలో ఈ మూడింటినీ తారుమారు చేయకండి.

ప్రశ్న: మా అబ్బాయి గ్లాస్గోలో పనిచేస్తున్నాడు. స్కాట్లండ్ విడిపోతే వాడి వీసా పోతుందా? – గృహిణి, రాజాం

జవాబు: భయపడకండమ్మా. ఇప్పటి చట్టం ప్రకారం వీసాల అధికారం లండన్‌ది. ఒకవేళ ఎప్పుడైనా విడిపోవాలనే ఓటు గెలిచినా రాత్రికి రాత్రి ఏదీ మారదు: 2014లో గెలిచి ఉంటే స్వాతంత్ర్య దినంగా అనుకున్నది 2016 మార్చి 24. అంటే పద్దెనిమిది నెలల వ్యవధి. పాత వీసాలు, ఉద్యోగాలు కొత్త చట్టంలోకి ఎలా మారాలో వంటివి తేల్చడానికే అలాంటి గడువు. స్కాట్లండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరినా మీ అబ్బాయికి ఇతర సభ్యదేశాల్లో పనిచేసే హక్కు వెంటనే రాదు, అది సభ్యదేశాల పౌరులకే. ఇప్పుడు చేయాల్సిందల్లా ఒక్కటి. కార్డు బదులు వచ్చిన ఈ-వీసా ఖాతాలోకి వెళ్లి వివరాలు సరిచూసుకోమనండి. పాస్‌పోర్టు కొత్తది తీసుకుంటే ఆ నంబరు ఖాతాలో మార్చకపోతే విమానాశ్రయంలో ఆగిపోవచ్చు.