కీమో తీసుకుంటున్నవాళ్లను చూడ్డానికి వెళ్లొచ్చా? కంచం, గ్లాసు వేరే పెట్టాలా?

వెళ్లొచ్చు, కంచం గ్లాసు వేరు చేయక్కర్లేదు. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. జాగ్రత్త పడాల్సింది మన నుంచి వాళ్లకు ఏదీ అంటకుండా.

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తాయి. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జలో తయారయ్యే, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలూ తగ్గిపోతాయి. చాలా మందుల విషయంలో, మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య అవి బాగా పడిపోతాయి. మనకు దానంతటదే తగ్గిపోయే జలుబు ఆ సమయంలో వాళ్లను ఆస్పత్రిలో చేర్పించేదాకా తేవచ్చు.

ఉదాహరణకు, 21 రోజులకోసారి కీమో చేయించుకునే పిన్ని ఉన్నారనుకోండి. పదో రోజున పదిమంది పళ్ల బుట్టతో దిగేకంటే, మూడో వారంలో ఒకరిద్దరు వెళ్లడం మేలు. వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దగ్గు, జ్వరం ఉంటే ఫోన్‌లోనే పలకరించాలి. అప్పుడే వండిన అన్నం, పప్పుచారు క్యారేజీలో పంపితే ఇంట్లో చూసుకునేవాళ్లకు ఒక పూట తెరిపి (పలకరింపు కన్నా ఇదే పెద్ద సాయం). జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మాత్రం పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఎక్కువమంది పొరబడేది రేడియేషన్ దగ్గర. బయటి నుంచి మిషన్‌తో ఇచ్చేది ఒంట్లో మిగలదు, మనవళ్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియో అయోడిన్ (ఒంట్లోకి వెళ్లి కొన్నాళ్లు రేడియేషన్ వెలువరించే మందు) ఇచ్చినప్పుడు మాత్రం డాక్టరు చెప్పినన్ని రోజులు విడిగా ఉండాలి.